గుడి, గూడు, గుడ్డు

ఈసారి మూడు మాటలతో మొదలుపెడతాను: గుడి, గూడు, గుడ్డు. ఈ మూడూ నాకు రోజూ అవసరమే. మూడూ తప్పు రాస్తూనే ఉంటాను. ఒకసారి గుడి వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో "ఐదింటికల్లా గూటికి వచ్చేస్తాను, దీపాలు నేను సర్దుతాను" అని రాశాను. వెంటనే ఒక అమ్మాయి "కోళ్ళకి కూడా దీపాలు పెడుతున్నారా ఆంటీ?" అని అడిగింది. గూడు అన్నమాట "లో", "కి" పక్కన గూటి అయిపోతుంది: గూట్లో, గూటికి. గుడి మాత్రం మారదు: గుడిలో, గుడికి. ఆ రోజు నవ్వుల వల్ల ఈ ఒక్కటి మాత్రం నేను ఇక మర్చిపోను.

కొత్తగా చదివేవాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. చదువంతా ఇంగ్లీషు మీడియం, సెకండ్ లాంగ్వేజి హిందీ. స్కూల్లో తెలుగు మాట్లాడితే పావలా ఫైను. ఇంట్లో తెలుగు మాట్లాడేదాన్ని కానీ చదవడం రాదు. 2000లో ఐర్లండ్ వచ్చాం. అరవై దాటాక అక్షరాలు దిద్దాను. ఇప్పుడు కిల్డేర్ కౌంటీలో ఉంటాను, వారానికి రెండుసార్లు డబ్లిన్‌లో గుడికి వెళ్ళి పువ్వులు కట్టడం, వంటపాత్రలు కడగడం, రసీదులు రాయడం చేస్తుంటాను. ఇంటి వెనక తోటలో కోళ్ళు ఉన్నాయి. ఇవాళ వాటి గూటి గురించి రాస్తాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది, అది కూడా రాస్తాను.

ఇవి కొన్న కోళ్ళు కావు. గుడ్ల ఫారాల్లో ఏడాదిన్నర వయసు వచ్చేసరికి కోడి గుడ్లు తగ్గిస్తుంది, అప్పుడు దాన్ని తీసేస్తారు. అలా తీసేసేవాటిలో కొన్నిటిని ఇక్కడ జంతువుల్ని కాపాడేవాళ్ళు తీసుకొచ్చి, అడిగినవాళ్ళకి ఇస్తారు. 2023 మే నెలలో మేం ఆరు తెచ్చుకున్నాం. అట్టపెట్టెల్లో తెచ్చాం. తెరిస్తే మెడ మీద ఈకలు లేవు, నెత్తి మీద తురాయి పాలిపోయి ఒక పక్కకి వాలిపోయింది. మావారు చూసి "ఇవి బతుకుతాయా?" అన్నారు.

యూరప్‌లో పాత రకం పంజరాలు 2012 జనవరి 1 నుంచి నిషేధం. ఇప్పుడు ఉన్నవాటిలో ఒక్కో కోడికి కనీసం 750 చదరపు సెంటీమీటర్లు ఇవ్వాలి, వాలడానికి కర్ర, గుడ్డు పెట్టడానికి చాటు ఉండాలి. ఈ 750 ఎంత అని నేను గుడి ఆఫీసులో కూర్చుని కొలిచి చూశాను. మేం ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం 624. అంటే ఆ కాగితం, దాని మీద ఇంకో నాలుగు వేళ్ళు. ఒక జీవికి అంత చోటు.

నాకు ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు, అదే సిగ్గు. 1983లో మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళాను, తణుకు దగ్గర. అప్పుడు పిన్ని మరిది కొత్తగా లేయర్ ఫారం పెట్టారు. ఆయనకి చాలా గర్వం. అంతకు ముందు ఏడాదే బి.వి. రావుగారు ముందుండి ఎన్.ఇ.సి.సి. మొదలుపెట్టారు, కోళ్ళ రైతులు తమ గుడ్డుకి తామే ధర చెప్పుకునే రోజులొచ్చాయి. ఆయన నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి చూపించారు. వరసగా పంజరాలు, ముక్కుకి ఘాటు, వందల గొంతులు ఒకేసారి. నేను రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాను, తర్వాత కూర్చుని ఆమ్లెట్ తిన్నాను. ఆ రైతుని నేను ఏమీ అనను. ఆ ఫారం మీదే ఆయన ఇద్దరు పిల్లల్ని చదివించారు. కానీ ఆ ఘాటు వాసన మాత్రం నలభై ఏళ్ళు నాతోనే ఉంది.

సరే, గూడు. మొదటి గూడు ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి కొన్నాను. చెక్కతో చేసింది. లేత ఆకుపచ్చ రంగు, పెంకుటిల్లులాంటి కప్పు, చిన్న నిచ్చెన, పక్కన గుడ్ల పెట్టె. "ఆరు కోళ్ళకి సరిపోతుంది" అని రాసి ఉంది. పిన్నికి వీడియో కాల్ చేసి చూపించాను. పిన్నికి ఎనభై నాలుగు.

"పిన్నీ, ఇదిగో మా కూప్."

"కూపేంటే? రైల్లో ఉండేదా?"

"కోళ్ళు పడుకునే ఇల్లు పిన్నీ."

"కోళ్ళగూడు అనవే తల్లీ! అయినా ఇది కోళ్ళకా, బొమ్మలకా? లోపలికి చెయ్యి పడుతుందా నీకు?"

చెయ్యి పడుతుంది, భుజం పట్టదు. ఆ ప్రశ్న నేను కొనకముందు ఎవరైనా అడిగుంటే బాగుండేది. పిన్ని వాళ్ళింట్లో రాత్రి పూట పెద్ద కోళ్ళని మట్టిగూట్లోకి తోలి, ముందు బండరాయి అడ్డం పెట్టేవారట. పిల్లల కోడిని గంప కింద కమ్మేవారట. కమ్మడం అంటే కప్పి మూయడం. నాకు భలే నచ్చింది ఈ మాట. "గంపకి తాళం ఉండదు కదా, ఎవరు ఎత్తుకుపోతారో అని భయం ఉండేది కాదా?" అని అడిగాను. "గంప మీద రాయి పెడతాం కదే" అంది. రాయి పెట్టడం మర్చిపోకూడదు, అంతే. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

పేర్లు చెప్పలేదు. నేను గుడ్డు కూడా మానేసి ఇరవై ఏళ్ళయింది, మాటలు నేర్చుకుంటున్నాను కూడా. అందుకని వాటికి కూరగాయల పేర్లు పెట్టాను: కాకర, బీర, దోస, సొర, పొట్ల, వంగ. మావారికి ఏది ఏదో ఇప్పటికీ తెలియదు.

పంజరం కోడికి గూడు అంటే ఏమిటో తెలియదు. నాటుకోడి అయితే చీకటి పడగానే తనంతట తను వెళ్ళి వాలుతుంది. మావి చీకటి పడితే ఎక్కడున్నవి అక్కడే, తడి గడ్డి మీద, కూర్చుండిపోయేవి. నిచ్చెన ఎక్కడం రాదు. మొదటి పద్దెనిమిది రాత్రులు ఒక్కోదాన్ని ఎత్తి లోపల పెట్టాను. మే నెల కాబట్టి ఇక్కడ చీకటి పడేసరికి పది అవుతుంది. నైటీ మీద కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు, నెత్తికి టార్చి లైటు. పక్కింటి ఐరిష్ ఆవిడ కిటికీలోంచి చూసి, మర్నాడు "నువ్వు ఏదైనా పూజ చేస్తున్నావా?" అని మర్యాదగా అడిగింది. పందొమ్మిదో రాత్రి వెళ్ళి చూస్తే కాకర తనే ఎక్కి కర్ర మీద కూర్చుని ఉంది. మిగతావి దాన్ని చూసి నేర్చుకున్నాయి.

గూట్లో ఏమేం ఉండాలో ఆ నెలల్లోనే నేర్చుకున్నాను. వాలే కర్ర నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు, పైన చదునుగా, అంచులు నున్నగా ఉండాలి. సన్నటి గుండ్రటి కర్ర వద్దు. కోడి పాదం పరుచుకుని, వేళ్ళ మీద పొట్ట ఈకలు కప్పుకుని పడుకుంటుంది, అదే దానికి దుప్పటి. గుడ్ల పెట్టె ఆ కర్ర కంటే కిందికి ఉండాలి, లేకపోతే ఎత్తు కోసం పెట్టెలోనే పడుకుంటాయి, గుడ్ల మీదంతా రెట్ట. ముగ్గురికి ఒక పెట్టె చాలు. ఎన్ని పెట్టినా అందరికీ ఒకటే కావాలి, క్యూలో నిలబడి అరుస్తాయి. (పెట్ట గుడ్డు పెట్టే పెట్టె. ఇది గట్టిగా ఐదుసార్లు అనండి. నేను ఒక రోజంతా అన్నాను.) గాలి పోయే కంతలు కోడి తల కంటే పైన ఉండాలి. ఐర్లండ్‌లో చలి అంత భయం కాదు, తడి భయం. చలేస్తుందని కంతలు మూసేస్తే ఆవిరి, రెట్ట ఘాటు లోపలే ఉండిపోతాయి. పొద్దున్నే తలుపు తీయగానే మీ ముక్కుకి తణుకు షెడ్డు తగిలితే గాలి చాలట్లేదని అర్థం.

కింద పరవడానికి మన దగ్గర వరి ఊక వాడతారు. ఇక్కడ ఊక ఎక్కడ దొరుకుతుంది? దుమ్ము లేని చెక్కపొట్టు వాడతాను.

జులైలో అవి సాయంత్రం గూట్లోకి వెళ్ళడం మానేశాయి. నేర్చుకున్నది మర్చిపోయాయేమో అనుకున్నాను. కోపం కూడా వచ్చింది, ఎత్తి లోపల తోసి తలుపు వేశాను. మూడో రాత్రి వంగని ఎత్తితే నా చేతి మీద ఏదో పాకింది. టార్చి వేసి, తెల్లటి కిచెన్ పేపరు కర్ర కింద రాసి చూశాను. కాగితం మీద ఎర్రటి గీతలు. రక్తం.

వీటిని ఇక్కడ రెడ్ మైట్ అంటారు. పిన్ని "కోడిపేలు" అంది. గుండుసూది తల కంటే చిన్నవి. పగలు చెక్క సందుల్లో దాక్కుంటాయి, రాత్రి వచ్చి కోడి రక్తం తాగి మళ్ళీ సందుల్లోకి పోతాయి. అందుకే పగలు కోడిని పట్టి చూస్తే ఏమీ కనబడదు. ఎండాకాలంలో వారం పది రోజుల్లో కొత్త తరం తయారు. తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు కాబట్టి గూడు ఖాళీగా పెట్టినా చావవు. నా అందమైన గూటికి ఎన్ని సందులో! పలకకి పలకకి మధ్య సందు, నిచ్చెన మెట్టుకి సందు, కప్పు మీద తారు అట్ట, దాని కింద అన్నిటికంటే పెద్ద కాపురం. మరిగే నీళ్ళు పోశాం, మందు కొట్టాం, సందుల్లో తెల్లటి డయాటమ్ మట్టి పొడి కూరాం. (ముక్కుకి మాస్కు కట్టుకుని చేయండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.) వారం తర్వాత మళ్ళీ, ఇంకో వారం తర్వాత మళ్ళీ. కప్పు ఊడదీసి పారేశాం. మూడు రాత్రులు వాటిని ఆ పేల మధ్యకి నేనే తోశాను. అవి చెప్తూనే ఉన్నాయి, నాకు ఆ భాష రాదు.

ఇప్పుడు నా తప్పు.

2023లో కార్తీక పౌర్ణమి నవంబరు 27న వచ్చింది, సోమవారం. గుడిలో దీపాలు పెట్టే పని నాది. మధ్యాహ్నం రెండున్నరకి బయల్దేరాను, అప్పటికి కోళ్ళు బయట తిరుగుతున్నాయి. ఇక్కడ ఆ రోజుల్లో నాలుగుంబావుకే సూర్యాస్తమయం. మావారిని తలుపు వేయమని చెప్పాలి. చెప్పాననుకున్నాను. ఆయన నేనే వేసి వెళ్ళాననుకున్నారు. నేను గుడిలో ఒత్తులు వేస్తున్నాను, నెయ్యి పోస్తున్నాను, పిల్లల చేత దీపాలు వెలిగిస్తున్నాను. చాలా బాగా జరిగింది. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర.

గూడు తలుపు తెరిచే ఉంది. గడ్డి మీద కంచె దాకా ఈకలు. టార్చి వేసి లెక్కపెట్టాను. నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. బీర, పొట్ల లేవు. మిగతా నాలుగూ గూట్లో ఒక మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, చప్పుడు లేదు.

నక్కని నేను తిట్టను. దానికీ పిల్లలుంటాయి, ఆకలి ఉంటుంది. నా చేతులకి ఇంకా నెయ్యి వాసన వస్తోంది, అది భరించలేకపోయాను. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. దీపాల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నాను! ఒక్కటి ఆరిపోతే పరుగెత్తుకెళ్ళి మళ్ళీ వెలిగించాను. మర్నాడు పిన్నికి చెప్పాను. పిన్ని ఓదార్చలేదు. "గంప మీద రాయి పెట్టలేదన్నమాట" అంది. తర్వాత కొంచెం ఆగి, "నేనూ ఒకసారి పెట్టలేదే" అంది.

కొత్త గూడు కొనేటప్పుడు నేను బొమ్మలు చూడలేదు. మూడు ప్రశ్నలు రాసుకున్నాను, తెలుగులోనే. నా భుజం లోపలికి పడుతుందా? నడుం నొప్పి ఉన్న రోజు కూడా కడగగలనా? నేను ఇంట్లో లేకపోతే ఎవరు మూస్తారు?

ఈసారి ప్లాస్టిక్‌ది కొన్నాం. అందం ఏమీ లేదు, పెద్ద నీళ్ళ ట్యాంకులా ఉంటుంది. పలకలు ఊడొస్తాయి, గొట్టం పెట్టి కడిగితే పావుగంటలో అయిపోతుంది. పేలు దీనికీ పట్టొచ్చు, కానీ దాక్కునే సందులు తక్కువ, కనబడతాయి. పొద్దున్న అద్దాల మీద పట్టినట్టు లోపల చెమ్మ పడుతుంది, అది తుడవాలి. ముందు ఉన్న దడికి మామూలు కోళ్ళ జాలీ తీసేసి గట్టి వెల్డ్ మెష్ వేయించాం. ఆ పల్చటి జాలీ కోడిని లోపల ఉంచుతుంది కానీ నక్కని బయట ఉంచదు. అడుగున అదే మెష్‌ని బయటివైపు ఒకటిన్నర అడుగు పరిచి, మీద గడ్డి మొలవనిచ్చాం. నక్క గోడ పక్కనే తవ్వుతుంది, ఒకటిన్నర అడుగు వెనక్కి వెళ్ళి తవ్వాలని దానికి తోచదు. దడికి పైన రేకు కప్పు కూడా ఉంది. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ళని లోపలే ఉంచాలని ఇక్కడ ప్రభుత్వం ఆర్డరు వేస్తుంది. 2022 నవంబరులో అలాగే వేశారు. అడవి పక్షుల రెట్ట లోపల పడకూడదు. ఇంకో మాట: ఐర్లండ్‌లో ఒక్క కోడి ఉన్నా వ్యవసాయ శాఖలో నమోదు చేసుకోవాలి. డబ్బు కట్టక్కర్లేదు.

తలుపుకి ఆటోమేటిక్ మిషను పెట్టాం. వెలుతురు తగ్గితే తనే మూసుకుంటుంది. డిసెంబరులో నాలుగుంపావు దాటగానే, జూన్‌లో పది దాటాక. కానీ మిషను కోళ్ళని లెక్కపెట్టదు. ఎవరైనా ఆలస్యమైతే బయటే ఉండిపోతారు. అందుకని మనిషి కూడా కావాలి.

2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను వచ్చింది కదా, దేశమంతా రెడ్ వార్నింగు, ఏడు లక్షలకు పైగా ఇళ్ళకి కరెంటు పోయింది. ప్లాస్టిక్ గూడు తేలిక, అదొక్కటే దాని లోపం. ముందు రోజు సాయంత్రం మేమిద్దరం దాన్ని లారీ పట్టీలతో నేలలో దిగ్గొట్టిన మేకులకి కట్టి, చుట్టూ ఇసుక బస్తాలు పెట్టాం. పొద్దున పక్కింటి వాళ్ళ గ్రీన్‌హౌసు మా తోటలో ఉంది, గూడు మాత్రం దాని చోటే ఉంది. లోపల వంగ గుడ్డు పెట్టి అరుస్తోంది.

గుడిలో అందరూ అడిగే మాట ఒకటుంది. "ఇంత పులిహోర, ఇంత దద్ధ్యోదనం మిగులుతుంది కదా, మీ కోళ్ళకి తీసుకెళ్ళండి ఆంటీ." పిన్ని కూడా అదే అంటుంది, అన్నం పారేయడం పాపం అని. కానీ ఇక్కడ వంటింట్లోకి వెళ్ళి వచ్చిన ఏ తిండీ కోళ్ళకి పెట్టకూడదు, చట్టం. నాకు 2001 గుర్తుంది, మేం కొత్తగా వచ్చిన రోజులు. గాలికుంటు వ్యాధి బ్రిటన్ నుంచి వచ్చి లౌత్ కౌంటీలో ఒక మందకి సోకింది. దేశమంతా తలుపుల ముందు మందు తడిపిన పట్టాలు, డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ ఊరేగింపు మే నెలకి వాయిదా. ఆ తర్వాత ఎంగిలి, మిగులు జంతువులకి పెట్టడం యూరప్ అంతా ఆపేశారు. అందుకని ప్రసాదం మనుషులకే డబ్బాల్లో పంచుతాం. కోళ్ళకి దాణా, తోటలో కోసి తిన్నగా వేసిన ఆకులు. దోసకాయ తోటలోది వేస్తే దోస ముందు పరుగెత్తుకొస్తుంది. నిజంగా.

గుడ్ల సంగతి కూడా చెప్పాలి. గుడికి వచ్చే ఒక పెద్దాయన "మీరు దేవుడి పని చేస్తూ కోళ్ళు పెంచడం ఏమిటమ్మా?" అన్నారు. అప్పుడు నాకు తెలుగు అందలేదు, ఇంగ్లీషు కూడా అందలేదు. ఇప్పుడైతే చెప్పగలను: బాబాయిగారూ, నేను గుడ్ల కోసం పెంచట్లేదు, అవి పెడుతున్నాయి అంతే. నేను తినను. మావారు రెండు తింటారు. మిగతావి పక్కింటావిడకి ఇస్తాను. గుడికి వెళ్ళే రోజు కోళ్ళ పని ముందు చేసి, తలస్నానం చేసి, వేరే చెప్పులు వేసుకుని వెళ్తాను. దేవుడికి ఇబ్బంది అయితే ఇంకా నాకు చెప్పలేదు. (ఇలా ప్రతిదానికీ లోపం వెతకడాన్ని కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారని పిన్ని నేర్పింది. పెద్దాయనకి మాత్రం ఆ మాట చెప్పను.)

2024లో కార్తీక పౌర్ణమి నవంబరు 15న వచ్చింది, శుక్రవారం. నేను వెళ్ళాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి పక్కింటావిడకి గేటు తాళం ఇచ్చి, ఏం చూడాలో చూపించాను. మావారికి కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఫోను ఎప్పుడూ గుడి బయట అరలో పెట్టేస్తాను, ఆ రోజు నడుముకి దోపుకున్నాను. నాలుగున్నరకి పిల్లలు వరసలో నిలబడ్డారు, నేను అగ్గిపెట్టె పట్టుకుని ఉన్నాను, చేతులు వణుకుతున్నాయి. ఐదుకి పది నిమిషాలుందనగా ఫోను కదిలింది. పక్కింటావిడ ఫోటో పంపింది. కర్ర మీద నాలుగు వీపులు, వరసగా. కింద ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది. నేను ఎప్పుడో తోటలో లెక్కపెడుతుంటే విని నేర్చుకుందట.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.